ఫ్లోరెన్స్‌లో నాయనమ్మ ఎక్కడ కూర్చోవాలి?

పోయిన నెల ఇటలీ గురించి మాటవరసకి రెండు లైన్లు రాశాను అంతే, ఇన్‌బాక్స్ నిండిపోయింది. సగానికి పైగా ఒకటే గోల, ఫ్లోరెన్స్ వెళ్తున్నాం, చంకలో పిల్లలు, పక్కన అమ్మానాన్నలో అత్తమామలో, ఎలా నెట్టుకురావాలి అని. రెండేళ్ళ కిందట మా అమ్మానాన్నల్నీ మా ఇద్దరు పిల్లల్నీ వేసుకుని అయిదు రోజులు అక్కడ తిరిగొచ్చినదాన్ని (తిరిగాం అనడం కంటే కూర్చున్నాం అనడం కరెక్టు) కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దానికే. పేర్లు వేయొద్దన్నవాళ్ళే ఎక్కువ, అందుకని ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేం జర్మనీలో ఉంటాం. పిల్లలకి ఏడు, నాలుగు. అత్తగారికి 68, మోకాళ్ళ నొప్పులు, మెట్లు చూస్తేనే భయం. మావయ్యగారికి 72, ఆయనకి అన్నీ చూడాలి. మా ఆయన నాలుగు రోజులకి ఎక్సెల్ షీట్ తయారుచేశారు, అందులో 19 ఐటమ్స్ ఉన్నాయి, మొదటిరోజే ఉఫీజి, అకాదెమియా అనే రెండు మ్యూజియాలు, దువోమో అనే పెద్ద చర్చి గోపురం. ఇది చూస్తే నాకు ఇప్పట్నుంచే ఏడుపొస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ షీట్ మూసేయమనండి. 19లో ఓ ఏడెనిమిది ఉంచి మిగతావి కొట్టిపారేయండి, మీవారు అలిగితే అలగనివ్వండి, రెండోరోజు మధ్యాహ్నం వేడి బండల మీద పిల్లని భుజానేసుకుని నిలబడ్డప్పుడు ఆయనే దారికొస్తారు.

మా ఇంట్లో పనిచేసిన సూత్రం ఒకటే, ఏ రోజు ఏం చూస్తాం అన్నదానికంటే ముందు ఆ రోజు ఎక్కడెక్కడ కూర్చుంటాం అన్నది తేల్చుకోవాలి. ఈ విషయంలో ఫ్లోరెన్స్ ఎంత మంచి ఊరంటే, అక్కడి పాత షావుకార్ల మేడలకి వీధివైపు గోడ పొడుగునా రాతి అరుగులున్నాయి! నిజంగా అరుగులే, బెంచీలు తెచ్చి వేసినవి కాదు, గోడతోపాటు కట్టినవి. 1444లో మొదలైన పలాజ్జో మెదిచికి ఉంది, 1489లో మొదలైన పలాజ్జో స్ట్రొజ్జికి ఉంది, పలాజ్జో రుచెల్లాయికీ ఉంది. ఈ మెదిచి కుటుంబానిది బ్యాంకు వ్యాపారం, పని పడి వచ్చినవాళ్ళు లోపల్నుంచి పిలుపొచ్చేదాకా బయట ఆ అరుగు మీదే కూర్చునేవాళ్ళట. ఇప్పుడు ఆ సీట్లో మా అమ్మ కూర్చుంది. కూర్చుని, రాయి మీద అరచెయ్యి ఇటూ అటూ రాసి, ఎంతమంది కూర్చుంటే ఇంత నున్నగా అయ్యుంటుందే అంది. మా చిన్నాడు గోడకున్న ఇనప కడియం ఎత్తి వదులుతున్నాడు, ఠంగుమని మోగుతోంది, గుర్రాలు కట్టేసేవాళ్ళురా వీటికి అంటే ఇంక ఆ వీధిలో కడియం కనిపిస్తే చాలు మోగించకుండా వదల్లేదు. పావుగంట అలా గడిచింది, టికెట్ లేదు, క్యూ లేదు, మా ట్రిప్పు మొత్తంలో ఎవరూ ఎవరి మీదా అరవని పావుగంటల్లో అదొకటి.

ఊరి నడిమి భాగం చిన్నది, దాదాపు చదును. సాంతా మరియా నొవెల్లా రైల్వేస్టేషన్ నుంచి దువోమోకి, అంటే ఆ పెద్ద చర్చికి, నడిస్తే ఓ పది నిమిషాలు, అక్కణ్ణుంచి ఆర్నో నది ఒడ్డుకి ఇంకో పది. ఇది మనకి. నాలుగేళ్ళ పిల్ల, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఉంటే రెండింతలు వేసుకోండి, మధ్యలో ఐస్‌క్రీమ్ షాపు తగిలితే ఇంక లెక్కే లేదు.

రోజుకి డబ్బులు పెట్టి లోపలికెళ్ళేది ఒక్కటే పెట్టుకోండి, అదీ పొద్దున్నే. ఉఫీజి ఉదయం 8:15కే తెరుస్తారు, ఆ టైముకి ముందే బుక్ చేసుకుని వెళ్తే పిల్లలు ఫ్రెష్‌గా ఉంటారు, పెద్దవాళ్ళు ఎలాగూ అయిదింటికే లేచి కూర్చుంటారు. మధ్యాహ్నం రూముకొచ్చి పడుకోండి. టూర్ డబ్బులు వేస్ట్ అయిపోతున్నాయని బాధపడకండి, నిద్రపోని నాలుగేళ్ళ పిల్లతో సాయంత్రం గడపడం ఎంత ఖరీదో మీకే తెలుసు. అయిదు దాటాక మళ్ళీ బయటికి. ఆ టైముకి ఊళ్ళోవాళ్ళు కూడా షికారుకి బయల్దేరతారు, పిల్లల్ని పియాజ్జా దెల్లా రెపుబ్లికా అనే చౌకులో పాతకాలం రంగులరాట్నం ఎక్కించి, అక్కణ్ణుంచి రెండడుగులేస్తే కొత్త బజారు మండపం, అక్కడ కంచు అడవిపంది ఉంటుంది, పొర్చెల్లీనో అంటారు. దాని ముట్టె జనం రుద్ది రుద్ది బంగారంలా మెరుస్తుంది. నోట్లో నాణెం పెట్టి వదిలితే జారి కింద జల్లెడలో పడాలి, పడితే కోరిక తీరుతుందని నమ్మకం. మావాడు చిల్లర అయిపోయేదాకా కదల్లేదు, కాబట్టి సెంట్లు వేరే జేబులో పెట్టుకోండి. అదే మండపం నేల మధ్యలో గుండ్రంగా చక్రంలాంటి రాయి ఉంది చూడండి, దివాలా తీసిన వ్యాపారస్తుల్ని పట్టుకొచ్చి బట్ట తప్పించి పిర్రలు ఆ రాయికేసి కొట్టేవాళ్ళట. ఏడేళ్ళ పిల్లలకి ఇంతకంటే గొప్ప చరిత్ర పాఠం లేదు, ఇంటికొచ్చాక కూడా మావాళ్ళకి బాగా గుర్తున్నది అదే.

ఇంకోటి, అందరూ అన్నిచోట్లకీ కలిసే వెళ్ళాలన్న పట్టింపు వదిలేయండి. పొద్దున మావయ్యగారూ మీవారూ ఓ మ్యూజియం, మీరూ అత్తగారూ పిల్లలూ వేరే దిక్కు, పన్నెండున్నరకి ఫలానా అరుగు దగ్గర కలుద్దాం, అంతే. అత్తగారు పాపం నా వల్ల మీకు ఇబ్బంది అని నొచ్చుకోవడం కూడా తగ్గుతుంది.

బస గురించి మీరడగలేదు గానీ అసలు కొంప ముంచేది అదే. పాత ఊళ్ళో అపార్ట్‌మెంట్లకి చాలావాటికి లిఫ్ట్ ఉండదు. మొదటి అంతస్తే కదా అని బుక్ చేస్తారు, ఆ పాత మేడల్లో కింది అంతస్తు కప్పు ఎంత ఎత్తంటే మొదటి అంతస్తు ఎక్కేసరికి మన లెక్కలో రెండో అంతస్తు అయిపోతుంది. యాడ్‌లో "అషెన్సోరె" అని ఉందా చూడండి, అదే లిఫ్టు. ఉన్నా కూడా అది వీధి గుమ్మం నుంచే మొదలవుతుందా, అరడజను మెట్లు ఎక్కాక మొదలవుతుందా అని ఓనర్‌ని మెసేజ్ పెట్టి అడగండి. మేం అడగలేదు. తొమ్మిది మెట్లు, అయిదు రోజులు, రోజుకి రెండుసార్లు, మా నాన్న ఇప్పటికీ దెప్పుతారు.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. డేవిడ్ విగ్రహం చూపించాలని నాకుంది, కానీ బట్టల్లేని బొమ్మ కదా, మా అత్తగారి ముందు వాడు ఏదో ఒకటి గట్టిగా అడుగుతాడు. అసలు ఆ వయసువాళ్ళకి మ్యూజియాలు ఎక్కుతాయా?

జవాబు: అడుగుతాడు, ఖచ్చితంగా అడుగుతాడు, తెలుగులోనే అడుగుతాడు కాబట్టి చుట్టుపక్కలవాళ్ళకి అర్థం కాదు, అదొక ఊరట. ఒక్క మాట చెప్పి తీసుకెళ్ళండి, ఒంట్లో కండలూ నరాలూ ఎలా ఉంటాయో రాతిలో చూపించాలని అలా చెక్కారు అని. ఆ తర్వాత వాడి దృష్టి కుడిచేతి మీదికి మళ్ళించండి, చేతి వెనక నరాలు ఉబ్బి ఉంటాయి, ఎడమ భుజమ్మీద వడిసెల ఉంటుంది, ఇతను బైబిల్ కథలో డేవిడ్, ఇంకాసేపట్లో ఒక రాక్షసుడంత మనిషి మీదికి రాయి విసరబోతున్నాడు అని కథ మొదలుపెడితే బట్టల సంగతి మర్చిపోతాడు. అత్తగారి విషయం అంటారా, మా అమ్మ అయితే బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి ఈ రాయి ఎక్కడిది, ఒకటే రాయా అని అడిగింది. ఒకటే రాయి. అంతకుముందు వేరే శిల్పులు మొదలుపెట్టి వదిలేసింది, ఏళ్ళ తరబడి అలా పడుంటే 1501లో ఇరవయ్యారేళ్ళ మైకెలాంజెలో తీసుకుని 1504కి పూర్తిచేశాడు. ఎత్తు 5.17 మీటర్లు. అకాదెమియాలో ఇది కింది అంతస్తులోనే ఉంది, మెట్లెక్కక్కర్లేదు, పెద్దవాళ్ళకి ఉఫీజి కంటే ఇదే సుఖం, గంటలో బయటపడొచ్చు.

18 ఏళ్ళలోపు వాళ్ళకి ఉఫీజి, అకాదెమియా రెండూ ఫ్రీ, కానీ టైమ్ స్లాట్ వాళ్ళకీ తీసుకోవాలి, మర్చిపోకండి. పెద్దవాళ్ళకి సీనియర్ డిస్కౌంట్ ఉంటుందేమో అని ఆశపడకండి, ఉండదు. సోమవారం రెండూ మూత. నెలలో మొదటి ఆదివారం అందరికీ ఫ్రీ అంటారు, ఆ రోజు మాత్రం దయచేసి వెళ్ళకండి, తోపులాటలో పిల్లలకి పిరుదులు తప్ప ఏమీ కనబడవు.

ఇక మ్యూజియాలు ఎక్కుతాయా అంటే, వెతకడానికి ఏదో ఒకటి ఇస్తే ఎక్కుతాయి. ఇందాక చెప్పిన పలాజ్జో మెదిచిలోనే ఒక చిన్న పూజగది ఉంది, 1459లో బెనొజ్జో గొజ్జోలి అనే చిత్రకారుడు గోడలన్నీ బొమ్మలతో నింపేశాడు, పసి ఏసుని చూడ్డానికి ముగ్గురు రాజులు పరివారంతో కొండదారిలో వెళ్తున్నట్టు. ఒంటెలు, డేగలు, కుక్కలు, గుర్రమెక్కిన చిరుతలాంటి జంతువు. జంతువులు లెక్కపెట్టమని వదిలేయండి. గది చిన్నది కాబట్టి కొద్దికొద్దిమందినే పంపుతారు, అదే హాయి. ఇది బుధవారం మూత.

గలీలియో మ్యూజియంలో గలీలియో వేలు ఉంది. అవును, నిజం వేలు, గాజు గుడ్డులో పెట్టారు. మా పెద్దది దాని ముందు నుంచి కదల్లేదు, టెలిస్కోపులు ఆ తర్వాతే చూసింది.

నాకు మాత్రం ఆ ఊళ్ళో మనసు పట్టుకున్న చోటు ఇన్నొచెంతి. పియాజ్జా సాంతిస్సిమా అన్నున్జియాతాలో తొమ్మిది కమానుల వరండా, దువోమో గోపురం కట్టించిన బ్రునెలెస్కి గీసిన ప్లాను, వదిలేసిన పసిపిల్లల్ని పెంచడానికి కట్టారు. 1445లో తెరిచారు, మొదట వచ్చిన పాపకి అగాతా అని పేరు పెట్టారు. కమానుల మధ్య నీలం పలకల మీద తెల్లటి పసిగుడ్లు, ఒళ్ళంతా బట్ట చుట్టి ఉంటాయి, ఆంద్రెయా దెల్లా రోబ్బియా అనే శిల్పి చేసినవి. లోపల మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులున్నాయి. ఒక్కోటి లాగితే సగానికి విరిచిన నాణెం, సగం బిళ్ళ, ఒక దారం, పూస. పిల్లని వదిలేటప్పుడు తల్లి ఒక ముక్క బిడ్డ దగ్గర పెట్టి రెండోది తన దగ్గర ఉంచుకునేది, ఎప్పటికైనా వచ్చి రెండూ కలిపి చూపించి తీసుకెళ్దామని. సగం ముక్కలు అక్కడే ఉండిపోయాయి చూడండి. మా అమ్మ ఒక్కో సొరుగూ తెరిచి నెమ్మదిగా మూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లలకి మాత్రం అన్నీ వివరంగా చెప్పకండి, గుర్తు కోసం దాచుకున్నవి అని చెప్తే చాలు. పైన టెర్రస్ మీద కాఫీ దొరుకుతుంది, లిఫ్ట్ ఉంది.

బయటికొచ్చాక ఆ చౌకు మధ్యలో గుర్రమ్మీద దొరవారి విగ్రహం ఉంది కదా, దాని దిమ్మె వెనకవైపు కంచు పలకలో రాణి ఈగ చుట్టూ తేనెటీగలు వరసలు వరసలుగా ఉంటాయి. వేలు పెట్టకుండా ఉత్త కళ్ళతో లెక్కపెట్టగలగాలి, అదీ పందెం. తొంభై దాకా వస్తాయి, ఎవరికీ రెండుసార్లు ఒకే లెక్క రాదు, మా నాన్నకి మూడుసార్లు మూడు వచ్చాయి. మీరు సెప్టెంబర్ 7న అక్కడుంటే అదృష్టం, ఆ సాయంత్రం రిఫికొలోనా పండగ, పిల్లలందరూ కాగితం లాంతర్లు పట్టుకుని ఆ చౌకుకే వస్తారు, అల్లరి మగపిల్లలు గొట్టాలు ఊది వాటిని కొట్టాలని చూస్తారు.

ప్రశ్న: మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పిల్లలు పిజ్జా, నూడుల్స్ ఉంటే చాలు. అమ్మకి నాలుగు రోజులు ఏం పెట్టాలి?

జవాబు: ఆకలితో అయితే ఉండరు, కానీ రెండు మూడు మెలికలున్నాయి. పాస్తాలో రెండు రకాలు, ఎండబెట్టిన స్పగెట్టీ, పెన్నె లాంటివి మామూలుగా పిండీ నీళ్ళే, కానీ "ఫ్రెస్కా" అని గొప్పగా చెప్పి ఇచ్చే తాజా పాస్తాలో గుడ్డు కలుపుతారు. అక్కడ ఇది ఎవరూ చెప్పరు, వాళ్ళకి గుడ్డు అంటే మాంసం కాదు కదా. "సెన్జా కార్నె, సెన్జా పెషె, సెన్జా ఉవోవా" అని కాగితమ్మీద రాసుకెళ్ళండి, మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. సూపులూ, రిసోట్టో అనే అన్నం వంటకాలూ మాంసం ఉడికించిన నీళ్ళతో చేసే అలవాటుంది, ఆ నీళ్ళని "బ్రోదో" అంటారు, అది దేనిది అని అడగాలి. అమ్మగారు మరీ నిష్ఠగా ఉంటే పార్మెజాన్ చీజ్ కూడా ఆలోచించుకోవాలి, దానికోసం పాలు విరగ్గొట్టడానికి వాడేది దూడ కడుపులోంచి తీసిందే.

హాయిగా తినగలిగింది పప్పా అల్ పొమొదోరో, నిల్వ రొట్టె, టమాటా, వెల్లుల్లి, తులసిలాంటి ఆకు, ఆలివ్ నూనె వేసి ముద్దగా ఉడికిస్తారు, పళ్ళు లేకపోయినా తినొచ్చు, నాలుగేళ్ళ పిల్లలూ తింటారు. ఇందులోనూ కొందరు మాంసం నీళ్ళు పోస్తారు, ఒకసారి అడగండి. బ్రెడ్డు మాత్రం ఒక్క ముక్క తిని అందరూ మొహాలు చూసుకున్నాం, అసలు ఉప్పే లేదు! మర్చిపోయారేమో అనుకున్నాం. అక్కడ రొట్టె అలాగే చేస్తారు, ఉప్పు పన్ను గొడవ అని ఒకరు, పిసా వాళ్ళు ఉప్పు రానివ్వలేదని ఇంకొకరు కథలు చెప్తారు. ఉప్పున్నది కావాలంటే స్కియాచ్చాతా అడగండి, పైన నూనే ఉప్పూ వేసి కాల్చిన పలచటి రొట్టె, మా అమ్మకి రోజూ పొద్దున అదే. లాంప్రెదొత్తో అని బళ్ళ మీద అమ్మేది మాత్రం ఆవు పొట్ట, అమ్మని ఆ బండి దాటించి తీసుకెళ్ళండి.

టైములు గుర్తుంచుకోండి, మధ్యాహ్నం రెండున్నర దాటాక చాలా హోటళ్ళలో వంటిల్లు కట్టేస్తారు, మళ్ళీ ఏడు, ఏడున్నరకే. పిల్లలకి ఆరింటికి ఆకలేస్తుంది, అందుకని సెంట్రల్ మార్కెట్ పై అంతస్తు చాలాసార్లు కాపాడింది, ఎవరికి కావల్సింది వాళ్ళు తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర తినొచ్చు. బిల్లులో "కొపెర్తో" అని మనిషికింత వేస్తారు, మోసం కాదు, కూర్చున్నందుకు. కాఫీ షాపుల్లో నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు, పెద్దవాళ్ళతో ఉన్నప్పుడు కూర్చోవడానికే కట్టండి, బాత్‌రూమ్ కూడా అందులోనే వచ్చేస్తుంది. కుళాయి నీళ్ళు తాగొచ్చు.

ఇండియా నుంచి నేరుగా వచ్చే పెద్దవాళ్ళకి ముందే చెప్పండి, నెయ్యి, కోవా, పాలతో చేసిన ఏ స్వీటూ బ్యాగులో పెట్టొద్దని. పాల పదార్థాలూ మాంసమూ బయటి దేశాల్నుంచి యూరప్‌లోకి తేనివ్వరు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీర్ని, 70 ఏళ్ళు. మా అబ్బాయి తీసుకెళ్తున్నాడు. మీ కాలమ్‌లో ఎప్పుడూ పెద్దవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలి అనే రాస్తారు. నాకు ఆ గోపురం ఎక్కాలని ఉంది. ఎక్కొచ్చా, లేక నన్నూ ఎక్కడో కూర్చోబెడతారా?

జవాబు: క్షమించాలి ఇంజనీరుగారూ, చురక బాగానే తగిలింది. గోపురానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు. రోజూ గంట నడిచేవారైతే, గుండె, మోకాళ్ళు బాగుంటే, ఎక్కినవాళ్ళున్నారు. కష్టం మెట్ల సంఖ్య కాదు, దారి. గోపురం రెండు పొరలు, లోపలిదానికీ బయటిదానికీ మధ్య సందులోంచే చివర్న పైకెళ్ళాలి, ఇరుకు, వంపు, కాసేపు ఆగుదామంటే వెనక జనం. ఇరుకంటే భయం ఉంటే వద్దు. టికెట్ టైముతో సహా ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు దొరకడం కష్టం. డాక్టర్‌గారిని ఒకమాట అడిగి మీరే నిర్ణయించుకోండి, అబ్బాయిని కాదు.

ఎక్కకపోయినా మీలాంటివారికి చూడాల్సింది కిందే ఎక్కువుంది. ఆ గోపురాన్ని 1420 నుంచి 1436 దాకా కట్టారు, నలభై లక్షల పైచిలుకు ఇటుకలు, నేల మీంచి ఆనించే కొయ్య సెంట్రింగ్ లేకుండా! ఇటుకల్ని చేపముల్లు వరసలో పేర్చడంతో ఏ వరసకావరస తన్నుకుని నిలబడింది. కట్టించిన బ్రునెలెస్కి చదువుకున్నది కంసాలి పని, సామాను పైకి లాగే ఎద్దుల యంత్రం కూడా తనే తయారుచేశాడు. చర్చి వెనకున్న ఒపెరా మ్యూజియంలో (పాటల ఒపెరా కాదు, చర్చి కట్టుబడికి సంబంధించింది) అప్పటి కప్పీలు, పనిముట్లు, కొయ్య నమూనాలు ఉన్నాయి, లిఫ్ట్ ఉంది, పైన టెర్రస్ మీంచి గోపురం ఎదురుగా చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా కనిపిస్తుంది. చర్చికి దక్షిణం వైపు వీధిలో బ్రునెలెస్కి విగ్రహం ఉంది, ఒళ్ళో ప్లాను పెట్టుకుని తల పైకెత్తి తన గోపురాన్నే చూస్తుంటాడు, సైటు మీదున్న ఇంజనీర్ మొహమే అది, మీకు నచ్చుతుంది. మనవల్ని తీసుకుని చర్చి వెనకవైపు నేల మీద గుండ్రటి తెల్ల పాలరాయి ఎక్కడుందో వెతకండి. గోపురం కొసన వెర్రొక్కియో అనే శిల్పి 1471లో పెట్టించిన రాగి గుండు 1600 ప్రాంతంలో పిడుగు పడి దొర్లి కిందపడింది, పడ్డచోటు గుర్తది. చర్చి లోపలికి టికెట్ లేదు, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, ఆదివారం టూరిస్టుల్ని రానివ్వరు.

మీరు ఇరిగేషన్ అన్నారు కాబట్టి ఇంకోటి. సాంతా క్రోచె చర్చి దగ్గర వియా సాన్ రెమీజియో అనే చిన్న సందు మొదట్లో గోడకి రెండు పలకలున్నాయి, ఆర్నో వరద ఎంతెత్తు వచ్చిందో గుర్తులు. ఒకటి 1333ది, దాని మీద నీటి మట్టం చూపిస్తున్న చెయ్యి చెక్కి ఉంటుంది, రెండోది 1966ది, ఇంకా పైన. రెండు వరదలూ నవంబర్ 4నే వచ్చాయి. మెడ ఎత్తి చూడాలి, మనిషి ఎత్తుకి చాలా పైన. 1333 వరదకి కొట్టుకుపోయిన వంతెన స్థానంలో 1345లో కట్టిందే ఇప్పటి పోంతె వెక్యో, 1966ని అది తట్టుకుంది. మనవడిని ఆ పలక కింద నిలబెట్టి ఫొటో తీయండి, ఎత్తు తేడా తెలుస్తుంది.

ప్రశ్న: స్ట్రోలర్ తీసుకెళ్ళాలా? కారు అద్దెకి తీసుకుంటే పెద్దవాళ్ళకి సుఖం కదా?

జవాబు: స్ట్రోలర్ తీసుకెళ్ళండి, ఒక చేత్తో మడిచేది, చక్రాలు మరీ చిన్నవి కానిది. బండల రోడ్లు, ఒక్క మనిషి పట్టే ఫుట్‌పాత్‌లు. వీల్‌చైర్ మ్యూజియాల్లో అడిగితే ఇస్తారు, మోసుకెళ్ళక్కర్లేదు.

కారు వద్దే వద్దు. పాత ఊరంతా బయటి బండ్లకి నిషేధం ఉన్న జోన్, కెమెరాలు నంబర్ ప్లేటు ఫొటో తీస్తాయి, ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి ఏమీ తెలీదు, నెలల తర్వాత ఇంటికి కాగితం వస్తుంది. మా బంధువుల్లో ఒకాయన హోటల్ వెతుక్కుంటూ అదే వీధి మూడుసార్లు తిరిగాడు, మూడు ఫైన్లు వచ్చాయి, పైగా కారు అద్దెకిచ్చినవాళ్ళు అడ్రస్ అందించినందుకు ఒక్కోదానికి విడిగా చార్జీ. రోమ్ నుంచి ఫాస్ట్ రైల్లో గంటన్నర, ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రామ్ ఉంది. ఊళ్ళో సందుల్లో తిరిగే చిన్న కరెంటు బస్సులున్నాయి, సి అక్షరంతో మొదలయ్యే నంబర్లు, పిల్లలకి అదే ఒక షికారు. కొండమీది పియాజ్జాలె మికెలాంజెలోకి 12వ నంబర్ బస్సెక్కి సూర్యాస్తమయానికి గంట ముందే వెళ్ళండి, గోడ పక్కన చోటు దొరుకుతుంది.

ప్రశ్న: జూలైలోనే సెలవలు. ఎండలు తట్టుకోగలమా? ఒకరోజు పిసా వెళ్ళి రావచ్చా?

జవాబు: కొండల మధ్య గిన్నెలాంటి ఊరు, జూలైలో గాలాడదు. పదకొండు నుంచి అయిదు దాకా ఏసీలోనో నిద్రలోనో ఉండండి, ఏసీ ఉందా అని బుక్ చేసేటప్పుడే చూసుకోండి. ఏమైనా అయితే 112, చిన్నవాటికి ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉన్న మందులషాపుకెళ్తే వాళ్ళే చూసి చెప్తారు. పెద్దవాళ్ళ మందుల పేర్లు బ్రాండ్‌తో కాకుండా అసలు మందు పేరుతో రాసుకెళ్ళండి. వీసా కోసం చేయించే ఇన్సూరెన్స్ 30,000 యూరోల కవర్ ఉండాలి, కానీ పాత జబ్బుల్ని అది పట్టించుకుంటుందా లేదా అన్న లైను చదవండి, ఎవరూ చదవరు.

పిసా రైల్లో గంట. కానీ ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని టవర్ ఎక్కనివ్వరు, పెద్దవాళ్ళు ఎక్కలేరు, అంటే ఎండలో నిలబడి చేత్తో టవర్‌ని తోస్తున్నట్టు ఫొటో దిగి రావడమే. దానికి బదులు లుక్కా అనే ఊరు చూడమంటాను. ఊరి చుట్టూ పాతకాలం కోటగోడ, నాలుగు కిలోమీటర్ల పైన, పైభాగం రోడ్డంత వెడల్పు, మొత్తం చదును, రెండు పక్కలా చెట్ల నీడ. గోడ దగ్గరే నలుగురు కూర్చుని తొక్కే కప్పున్న సైకిల్ బండ్లు అద్దెకిస్తారు. మా నాన్నా నేనూ ముందు కూర్చుని తొక్కాం, పిల్లలు మధ్యలో ఇరుక్కున్నారు, అమ్మ వెనక సీట్లో కాళ్ళు పైకి పెట్టుకుని, ఇంకో రౌండు వెయ్యండి అంది.